ధర్మచర్చకు కూర్చుండు విధము

దుర్గాపూర్ చంద్రపుర నగరమును ఆనుకొని ఉన్న బొగ్గుగనుల ఊరు. 1983లో మొదటి యూనిట్టు నడచిన థర్మల్ విద్యుత్కేంద్రము కూడ ఆ పక్కనే ఉన్నది. గనిలో దిగువారు, బాయిలరు దగ్గర నిలుచువారు, లారీ తోలువారు నాలుగు దిక్కుల నుండి వచ్చి చేరినవారే. బల్లార్‌పూర్ మీదుగా కాజీపేట వరకు రైలుదారి ఉండుటచేత తెలుగువారి రాకపోకలు ఈ ప్రాంతమునకు చాలకాలముగా ఉన్నవి. ఒకే కొట్టు ముందు మరాఠీ, తెలుగు, హిందీ కలిసి వినబడును. ఆ మాటలతోపాటు ఆయా ఇండ్ల దేవుళ్లు, పండుగలు, ఆహారనియమములు కూడ కొట్టు గడప వరకు వచ్చును.

ఇటువంటి చోట వ్యాపారము చేసికొను జైన గృహస్థునకు మతచర్చ తప్పించుకొన వీలు లేనిది. ఆయన కోరి తెచ్చుకొనకపోయినను, తూకము వేయుచుండగా అదే వచ్చును. "ఏం సేటూ, మీ దేవునికి బట్టలు ఉండవట గదా?" అని ఒకడు నవ్వుచు అడుగును. "ఉల్లిగడ్డలో ఏమి పాపమున్నది సేటూ?" అని మరొకడు. ఇవి బయటి ప్రశ్నలు. ఇంటిలోని ప్రశ్నలు ఇంకను సున్నితమైనవి. మూర్తిపూజకుల ఇంటి పిల్ల స్థానకవాసుల ఇంటికి కోడలై వచ్చును. దిగంబరుల పిల్లవానికి శ్వేతాంబరుల సంబంధము కుదురును. పర్యూషణము రాగానే అత్తగారి నియమము ఒకటి, కోడలి నియమము ఒకటి అని తేలును. ఆనాడు ఆ ఇంట పలికిన నాలుగు మాటలు ఎట్లుండునో తరువాతి ఇరువది యేండ్లు చాలవరకు అట్లే గడచును.

కావున ధర్మమును గురించి ఎట్లు మాటలాడవలెనన్నది పండితులకు వదలిపెట్టి ఊరకుండదగిన విషయము కాదు. కొట్టు నడుపువానికి, ఇల్లు నడుపు ఇల్లాలికి అది దినదినము పనికివచ్చు విద్య. దానిని నేర్పు ఘట్టము ఒకటి శ్వేతాంబర ఆగమములలో ఉన్నది. ఉత్తరాధ్యయన సూత్రము 23వ అధ్యయనములోని కేశి గౌతముల సమావేశము అది.

పార్శ్వనాథుని పరంపరలోని కేశికుమార శ్రమణుడు శిష్యులతో శ్రావస్తికి వచ్చి తిందుకమను ఉద్యానములో దిగినాడు. అదే సమయములో వర్ధమాన మహావీరుని ప్రధానశిష్యుడైన గౌతముడు తన శిష్యులతో వచ్చి కోష్ఠకమను ఉద్యానములో దిగినాడు. ఊరిలో భిక్షకు తిరుగునప్పుడు ఈ శిష్యులు ఆ శిష్యులను చూచినారు. వీరి వ్రతములు నాలుగు, వారి వ్రతములు ఐదు. వీరికి వస్త్రములు ఉన్నవి, వారి ధర్మములో వస్త్రము లేదు. ఇరువురు కోరునది ఒకే మోక్షము గదా, ఈ భేదము ఎందుకు వచ్చినదని రెండు వైపులను గుసగుసలు పుట్టినవి. దుర్గాపూర్ బజారులోనైనను, హైదరాబాదు బేగంబజారులోనైనను ఈనాడు పుట్టు గుసగుస ఇటువంటిదే.

గుసగుస ముదురక ముందే గురువులు ఇద్దరును కలిసికొనవలెనని తలచినారు. ఇక్కడ సూత్రకారుడు ఒక చిన్న విషయమును విడువక చెప్పినాడు. ఎవరు ఎవరి దగ్గరకు పోవలెను? గౌతముడు జీవించియున్న తీర్థంకరుని గణధరుడు. ఐనను పార్శ్వనాథుని కులము ముందు పుట్టినది, పెద్దది అని ఎంచి ఆయనే కోష్ఠకము నుండి బయలుదేరి తిందుకమునకు నడచినాడు. కేశి ఆయన వచ్చుట చూచి తగిన మర్యాద చేసి, కూర్చుండుటకు గడ్డిని, దర్భలను వెంటనే తెప్పించి ఇచ్చినాడు. సిద్ధాంతమును గురించి ఒక్క మాటయైన పుట్టక ముందు జరిగిన పనులు ఇవి: ఒకరు నడచి వచ్చినారు, మరొకరు ఆసనము పరచినారు. లెక్క తేలని పాత బాకీ విషయములో ముందుగా బజారు దాటి అవతలి కొట్టుమెట్లు ఎక్కినవానిదే సగము పరిష్కారమని వర్తకులకు తెలియును.

ఇతర మతముల వారు, వేలకొలది గృహస్థులు వేడుక చూచుటకు వచ్చి కూడినారు. ఇంతమంది ఎదుట తన పక్షమును గెలిపించుకొనవలెనను కోరిక పుట్టుట సహజము. కాని కేశి మొదటి మాట ప్రశ్న కాదు, ప్రశ్న అడుగుటకు అనుమతి. గౌతముడు మీ ఇష్టము వచ్చినట్లు అడుగుడని చెప్పిన తరువాతనే ఆయన అడిగినాడు. అడిగినది కూడ డొంకతిరుగుడుగా కాదు. వ్రతములు నాలుగా ఐదా అన్న అసలు భేదమునే ముందు పెట్టినాడు.

గౌతముని సమాధానము నిదానముగా చదువదగినది. మొదటి తీర్థంకరుని కాలపు సాధువులు ఋజువులే కాని మందబుద్ధులు. వారికి ధర్మము తెలిసికొనుట కష్టము. చివరి తీర్థంకరుని కాలపువారు వక్రులు, మందబుద్ధులు కూడ. వారికి ఆచరించుట కష్టము. నడుమనున్న తీర్థంకరుల కాలపువారు ఋజువులు, ప్రాజ్ఞులు. అందుచేత ధర్మము రెండు విధములుగా చెప్పబడినదని ఆయన భావము. ఇందులో ఎవరికి ఏ విశేషణము పడినదో చూడవలెను. నడుమనున్న వారిలో పార్శ్వనాథుని అనుయాయులు చేరుదురు. వారికి ఋజువులు, ప్రాజ్ఞులు అన్న ప్రశంస. వక్రులు, జడులు అన్న నింద గౌతముని సొంత వర్గమునకే. తన సంఘమునకు ఐదవ వ్రతము విడిగా చెప్పవలసి వచ్చినది గొప్పతనముచేత కాదు, లోపముచేతనని నిండుసభలో ఒప్పుకొన్న గణధరుడు ఆయన. మతచర్చలలో ఈ ధైర్యము ఎంత అరుదో అనుభవము గలవారికి తెలియును.

వస్త్రముల ప్రశ్నకు కూడ ఆయన అట్లే చెప్పినాడు. బయటి వేషము లోకులు గుర్తుపట్టుటకు, సంయమమును నిలుపుకొనుటకు ఏర్పడినది. మోక్షమునకు నిజమైన సాధనములు జ్ఞానము, దర్శనము, చారిత్రము అని. కేశి ప్రతి సమాధానమునకు గౌతముని ప్రజ్ఞను మెచ్చుకొని, ఈ సందేహము తీరినది, మరొకటి ఉన్నది, అదియు చెప్పుమని సాగినాడు. తీరిన సందేహము తీరినదని పైకి చెప్పుట ఆయన నేర్పిన మర్యాద. సామాన్యముగా ఎదుటివాడు సరియైన జవాబు చెప్పగానే, దానిని ఒప్పుకొనక మరొక ప్రశ్నకు దుముకుట అలవాటు. చెల్లు వేయని బాకీవలె ఆ మొదటి ప్రశ్న పుస్తకములో నిలిచిపోవును.

ఈ సూత్రము శ్వేతాంబరులకు ఆగమము. దిగంబర సంప్రదాయము ఇప్పుడున్న ఆ ఆగమపాఠమును ప్రమాణముగా గ్రహింపదు. కాబట్టి దిగంబరుల ఇంట కూర్చుండి ఈ కథనే ప్రమాణముగా చూపుట సరియైన పద్ధతి కాదు. ఐతే దిగంబరులు ఆచారగ్రంథముగా గౌరవించు వట్టకేరుని మూలాచారములో కూడ ఇటువంటి మాటయే ఉన్నది. నడుమ ఇరువదిద్దరు తీర్థంకరులు సామాయిక సంయమమును, ఋషభుడు, మహావీరుడు ఛేదోపస్థాపనమును చెప్పినారనియు, దానికి కారణము శిష్యుల స్వభావభేదమే అనియు అందులో ఉన్నది. రెండు సంప్రదాయములు వేరువేరు గ్రంథములలో ఒకే వివరణమును భద్రపరచుకొన్నవి. పుస్తకము ఎవరిది అన్న తగవు పెట్టుకొనక ముందు, పుస్తకములో ఏమున్నదో చూచినవారికి ఇటువంటి లాభములు కలుగును.

తిందుకోద్యానములో జరిగినట్లు అన్నిచోట్ల జరుగలేదు. విదర్భకు తూర్పున చంద్రపురము ఉండగా, పడమట వాశిమ్ జిల్లాలో శిర్‌పూర్ అంతరిక్ష పార్శ్వనాథ తీర్థము ఉన్నది. చంద్రపురమునకు దగ్గరలోని భద్రావతి కేసరియా పార్శ్వనాథుని తీర్థమునకు శిర్‌పూర్‌తో ఒక సంబంధము చెప్పుదురు. 20వ శతాబ్ది ఆరంభములో శిర్‌పూర్ పెఢీ వ్యవహారములు చూచువానికి కలలో నాగము కనబడి దారి చూపగా భద్రావతిలోని మూర్తి తిరిగి వెలుగులోనికి వచ్చినదట. అందుకే ఆ స్వామిని స్వప్నదేవుడని పిలుతురు. భద్రావతి దర్శనమునకు పోవువారు కావున శిర్‌పూర్ కథను కూడ తెలిసికొనవలెను.

శిర్‌పూర్‌లో శ్వేతాంబరులు, దిగంబరులు ఇరువురును ఒకే మూర్తిని కొలుతురు. 1905లో పెద్దలు కూర్చుండి, ఎవరి పూజ ఏ వేళకు అని పంచుకొని ఒక వేళాపట్టిక ఏర్పరచుకొన్నారు. అది మంచి పని. కాని మూర్తికి లేపనము, అలంకారము ఎట్లుండవలెనన్న విషయమై మాట పెరిగి 1910లో వ్యవహారము కోర్టుకెక్కినది. అకోలా, నాగపూరు న్యాయస్థానములు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, 1929లో తీర్పు వచ్చినది. తీర్పుతోనైనను తగవు చల్లారలేదు. 1981లో మందిరమునకు తాళము పడినది. నలుబది యేండ్లకు పైగా భక్తులు చిన్న కిటికీ గుండా దర్శనము చేసికొన్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుచేత మార్చిలో తలుపులు తెరువబడినవి. తెరచిన కొద్ది దినములకే ఇరువర్గముల నడుమ తోపులాట జరిగినట్లు పత్రికలలో వచ్చినది.

ఎవరి పక్షమున న్యాయమున్నదన్నది ఇక్కడ ప్రస్తుతము కాదు; దానికి న్యాయస్థానములు ఉన్నవి. చూడవలసినది మరొకటి. 1905లో కూర్చుండగలిగినవారు తరువాత కూర్చుండలేకపోయినారు. తాళము పడిన నాడు పుట్టిన శిశువు తలుపు తెరచునాటికి నలుబది దాటిన గృహస్థు. ఆ మధ్యకాలములో పార్శ్వనాథుని ఎదుట నిలువక, కిటికీ దగ్గర నిలిచి కన్నుమూసిన వృద్ధులు రెండు వర్గములలోను ఉందురు. వకీళ్ల ఫీజుల లెక్క వేయగలరేమో కాని ఈ నష్టమునకు ఏ ఆవర్జాలోను పద్దు లేదు.

వాదమును గురించి జైనాచార్యులు చాల ఆలోచించినారు. న్యాయశాస్త్రము కథను మూడు విధములుగా చెప్పును. తత్త్వము తెలిసికొనుటకు జరుగునది వాదము. గెలుపే ప్రయోజనముగా మాయోపాయములతో జరుగునది జల్పము. తన పక్షమేదియో చెప్పక ఎదుటివానిని ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. వీనిలో వాదము ఒక్కటే కథ అనిపించుకొనదగునని 12వ శతాబ్దిలో హేమచంద్రాచార్యుడు ప్రమాణమీమాంసలో నిర్ణయించినాడు. అంతకు ముందే అకలంకదేవుడు ఇంకొక మెట్టు పైకి పోయినాడు. ఎదుటివాడు మాట తడబడినంత మాత్రమున గెలుపు కాదు. తన పక్షము నిలిచిన నాడే గెలుపు అని ఆయన మతము. వీరిద్దరిలో ఒకరు శ్వేతాంబరులు, ఒకరు దిగంబరులు. కొట్టులో భాష రాని బేరగాడు అంకె పొరపాటున చెప్పినచో ఆ పొరపాటు మీద లాభము తీయుట నిజాయితీ గల వర్తకునికి సిగ్గు. వాదములోను అంతే.

సిద్ధసేన దివాకరుడు వాదులను ఇంతకంటె కఠినముగా చూచినాడు. వేరువేరు ఊళ్ల నుండి వచ్చి ఒకే మాంసపు ముక్క మీద పడిన రెండు కుక్కలకైనను సఖ్యము కుదురవచ్చు కాని, వాదమునకు దిగిన ఇద్దరు అన్నదమ్ములకు కుదురదని ఆయన ద్వాత్రింశికలలో ఒకదాని భావము. స్వయముగా మహావాది ఐన ఆయన ఈ మాట అన్నాడనగా అనుభవముతోనే అని ఉండును.

పాత వాదకథలను చదువునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. క్రీ.శ. 1125 ప్రాంతములో అణహిలపాటకములో సిద్ధరాజ జయసింహుని సభలో శ్వేతాంబరుడైన వాదిదేవసూరికి, దిగంబరుడైన కుముదచంద్రునికి గొప్ప వాదము జరిగినది. స్త్రీలకు మోక్షమున్నదా లేదా అన్నది అందులో ముఖ్యవిషయము. వాదిదేవసూరి గెలిచినట్లు, ఓడినవారు రాజ్యము విడిచి పోవలెనన్న పందెము ఉన్నట్లు కథలు చెప్పును. ఆ కథలు చెప్పిన ప్రబంధములు, నాటకము శ్వేతాంబరులు వ్రాసినవి. కుముదచంద్రుడు తన కథ తాను వ్రాసియుండినచో ఎట్లుండునో! తెలుగుదేశములోను కాకతి గణపతిదేవుని సభలో తిక్కన సోమయాజి జైనబౌద్ధులను వాదములో ఓడించినట్లు సిద్ధేశ్వరచరిత్ర చెప్పుచున్నది. చరిత్రకారులు దానిని సందేహముతోనే చూతురు. అక్కడ జైనులు ఓడినవారు, ఇక్కడ జైనులలో ఒక శాఖవారు గెలిచినవారు. రెండు కథలను పక్కపక్కన పెట్టుకొని చదివినచో గెలుపు కథల మీద మోజు కొంత తగ్గును.

అనేకాంతము అను మాట జైన సభలలో తరచు వినబడును. అందరు చెప్పినదియు నిజమే అని తల ఊపి లేచిపోవుటకు దానిని సాకుగా వాడువారు కలరు. అది అనేకాంతము కాదు. స్యాత్ అనగా బహుశా అని కాదు, ఒక దృష్టి నుండి చూచినచో అని. నూరు రూపాయలు చేతులు మారినప్పుడు ఒకని చిఠ్ఠాలో జమ, మరొకని చిఠ్ఠాలో ఖర్చు. రెండును సత్యములే. రెండు చిఠ్ఠాలు చూచినవానికే వ్యవహారము పూర్తిగా తెలియును. కాని నూరును నూటపది అని వ్రాసినవాడు కూడ ఒక దృష్టితో సత్యమే చెప్పినాడని ఏ గుమాస్తా ఒప్పుకొనడు. తప్పును తప్పు అనుటకు అనేకాంతము అడ్డురాదు. ఎదుటివాడు ఏ చిఠ్ఠా నుండి చదువుచున్నాడో చూడక తప్పు అనరాదని మాత్రమే అది చెప్పును.

దీనికి హరిభద్రసూరి ఒక మంచి దారి చూపినాడు. బ్రాహ్మణ విద్యలు నేర్చి పిమ్మట జైనుడైన ఆయన తన షడ్దర్శనసముచ్చయములో బౌద్ధము, న్యాయము, సాంఖ్యము, జైనము, వైశేషికము, జైమినీయము ఒక్కొక్కటిగా చెప్పి, చివర లోకాయతమును కూడ చేర్చినాడు. ఖండనములతో నింపలేదు. ఏ దర్శనమువాడు తన భాగము చదివినను, అవును ఇది మా మతమే అనునట్లు వ్రాసినాడు. ఎదుటివాని మాటను ముందు తాను తిరిగి చెప్పి, ఆయన అవునన్న తరువాత జవాబు చెప్పువాడు కొట్టులో కాని ఇంటిలో కాని సామాన్యముగా పోట్లాటలో పడడు. ఇది చేసి చూచినచో, సగము తగవులు జవాబు దాక రాకుండనే ముగియును. ఎందుకనగా అవతలివాడు అన్నది అది కానే కాదు!

మాట విషయములో శ్రావకులకు ఉన్న నియమములు కొత్తగా చేర్చవలసినంత తక్కువగా లేవు. రెండు సంప్రదాయములకు మాన్యమైన తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి సత్యవ్రతమునకు ఐదు అతిచారములు చెప్పినాడు. తప్పుడు ఉపదేశము, ఒకరి రహస్యమును బయటపెట్టుట, దొంగపత్రము వ్రాయుట, దాచుకొనుమని ఇచ్చిన సొమ్మును అపహరించుట, ఆకారముల వలన గ్రహించిన ఇతరుల అభిప్రాయమును వెల్లడించుట. దొంగపత్రము, సొమ్ము అపహరణ అనగానే వర్తకుడు ఉలికిపడును. తన ఇంట అటువంటిది ఎన్నడును జరుగలేదనును. అదే వరుసలో, అదే బరువుతో, రహస్యభేదనము ఉన్నదని గమనింపడు. ఫలానా ఇంటివారు చాతుర్మాసములో రాత్రిభోజనము చేసినారని నలుగురిలో చెప్పుట, చర్చలో ఎదుటివాని నోరు మూయించుటకు ఆయన ఇంటి గుట్టు విప్పుట, ఈ లెక్కలోనివే. ప్రతిక్రమణములో తలచుకొను పదునెనిమిది పాపస్థానములను లెక్కించినచో మృషావాదము, కలహము, అభ్యాఖ్యానము, పైశున్యము, పరపరివాదము, మాయామృషావాదము అని ఆరు, అనగా మూడవవంతు, ముఖ్యముగా నాలుకతో జరుగునవే.

ఇక ఇతర మతముల వారితో చర్చ. చంద్రపురములో మహాకాళి ఆలయము ఉన్నది. చైత్రమాసపు జాతరకు దూరప్రాంతముల నుండి జనము వత్తురు. 1956 అక్టోబరు 14న నాగపూరులో వలెనే, 16న చంద్రపురములో డాక్టర్ అంబేద్కర్ ఎదుట వేలమంది బౌద్ధదీక్ష గైకొన్నారు. ఆ కుటుంబములు ఈ ప్రాంతమంతట ఉన్నవి. భద్రావతిలోనే చూచినచో పార్శ్వనాథ మందిరము, భద్రనాగుని గుడి, విజాసన్ బౌద్ధగుహలు ఒక్క ఊరిలో ఉన్నవి. కొట్టుకు వచ్చు బౌద్ధునితో మాటలాడునప్పుడు అకలంకుడు ధర్మకీర్తిని ఎట్లు ఖండించినాడో ఎత్తుకొనుట అవివేకము. అది ఎనిమిదవ శతాబ్దిపు పండితులు సమఉజ్జీలుగా చేసిన పని. ఆ బౌద్ధుని తాతకు దీక్ష అనగా అర్థము ఏమిటో, ఆయన ఏ అవమానము నుండి బయటపడినాడో మనుమని నోట వినుట అంతకంటె ఉపయోగము. అహింసను గురించి మాటలాడదలచినవారికి అక్కడనే కావలసినంత పాఠము దొరకును.

తెలుగు గడ్డమీద జైనులు ఇతరుల నడుమ ఎట్లు బ్రతికినారో చెప్పుటకు సోమదేవసూరి ఉన్నాడు. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, కరీంనగరు ప్రాంతపు గంగాధరలో ఆయన 959లో యశస్తిలకమును ముగించినాడు. స్యాద్వాదాచలసింహుడు, తార్కికచక్రవర్తి అన్న బిరుదులు గలవాడు. అంతటి తార్కికుడు గృహస్థునకు చెప్పిన మాట ఎంతో మెత్తనిది. సమ్యక్త్వమునకు హాని లేనంతవరకు, వ్రతమునకు దోషము రానంతవరకు, లోకాచారమంతయు జైనులకు అంగీకార్యమే అని ఆయన భావము. ఆ గంగాధరకు దగ్గరనే కుర్క్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలో ఉన్నది. వినువాని భాషలో చెప్పవలెనన్న తెలివి పదవ శతాబ్దిలోనే ఉండెను.

సోమదేవుని గీటురాయి దుర్గాపూర్ కొట్టుకు కూడ పనికివచ్చును. పొరుగింటివారు జాతర నుండి తెచ్చిన కొబ్బరిముక్కను రెండు చేతుల అందుకొనుటచేత సమ్యక్త్వము పోదు. మాంసము వండిన పందిరికి భోజనమునకు పిలిచినచో, "అన్నా, మా నియమము వేరు, పిల్లను దీవించి పోదును" అని వేళకు పోయి నిలుచుటచేత వ్రతము చెడదు, స్నేహము చెడదు. ఉల్లిగడ్డను గురించి అడిగినవానికి నీవు తినుట పాపమని చెప్పనక్కరలేదు. నేలలోపల పెరుగు దుంపలో లెక్కలేనన్ని జీవములు ఉన్నవని మా పెద్దలు నమ్మినారు, అందుచేత మేము విడిచినాము అని తన విడుపును గురించి చెప్పిన చాలును. బట్టలు లేని దేవుని గురించి అడిగినవాడు నవ్వుచు అడిగినను, కోపము లేని జవాబు విన్న తరువాత రెండవసారి నవ్వుట కష్టము. బొత్తిగా ఎగతాళికే వచ్చినవానికి తూకము సరిగా వేసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి పంపవలెను. వచనగుప్తి అని పెద్దలు చెప్పిన మాటను కాపాడుకొనుట అప్పటికే పనికివచ్చును.

అత్తాకోడళ్ల సంగతి ఇంతకంటె కష్టమైనది. అక్కడ ఒకరు వయసులో పెద్ద, ఇల్లు కూడ ఆమెదే. సమఉజ్జీలు కారు. కావున నడచి పోవలసిన గౌతముని పాత్ర అత్తగారిదా, కోడలిదా అన్న ప్రశ్న వచ్చును. సంప్రదాయములో పెద్దదైన వారి దగ్గరకు చిన్నవారు పోవుట మర్యాద అని గౌతముడు చూపినాడు. ఐతే ఆసనము పరచవలసినది ఆతిథ్యమిచ్చువారు. ఇల్లు అత్తగారిది గనుక ఆసనము పరచుట ఆమె పని. కోడలు పుట్టింటి నుండి తెచ్చుకొన్న పుస్తకమునకు, మాలకు, ముహపత్తికి ఇంటిలో ఒక గూడు చూపినచో ఆసనము పరచినట్లే. శ్వేతాంబరుల సంవత్సరి ముగిసినపుడు దిగంబరుల దశలక్షణపర్వము మొదలగును. రెండు సంప్రదాయములు కలిసిన ఇంటిలో క్షమాపణలు చెప్పుకొనుటకు రెండు తేదీలు దొరకును. ఒక్క తేదీయే ఉన్న ఇండ్లకు లేని వసతి ఇది.

పిల్లలకు నేర్పునప్పుడు, స్వాధ్యాయమునకు పదిమంది కూడినప్పుడు, ఏ విషయముతో మొదలుపెట్టవలెనన్న చిక్కు ఎప్పుడును వచ్చును. సామాన్యముగా తగవున్న విషయముతోనే మొదలగును, అక్కడనే ముగియును. ఇందుకు మరల తిందుకోద్యానమునకు పోవలసి ఉన్నది. కేశి అడిగిన ప్రశ్నలు మొత్తము పన్నెండు. అందులో భేదమును గురించినవి మొదటి రెండే. ఆ రెండింటిని దాచలేదు, వాయిదా వేయలేదు, మొదటనే తేల్చుకొన్నారు. మిగిలిన పదియు ఇద్దరికి సమానమైన విషయములు. వేలకొలది శత్రువుల నడుమ నిలిచి వారిని ఎట్లు జయించితివి? పాశములు ఎట్లు తెంచితివి? హృదయములో మొలచి విషఫలములు కాయు తీగను ఎట్లు పెరికితివి? మండుచున్న అగ్నులను దేనితో ఆర్పితివి? పరుగెత్తు దుష్టాశ్వమును ఎట్లు పట్టితివి? శత్రువులన్నింటిలో మొదటివాడు జయింపబడని ఆత్మయే అని, పాశములు రాగద్వేషములని, తీగ తృష్ణయని, అగ్నులు కషాయములని, అశ్వము మనస్సని గౌతముడు ఒక్కొక్కటి విప్పినాడు. ఆ పైన దారి, వరదలో ద్వీపము, సముద్రములో నావ, చీకటి, చివర భయము లేని చోటు.

పన్నెండవది ముగిసిన తరువాత కేశి గౌతమునికి నమస్కరించి ఐదు వ్రతముల ధర్మమును అంగీకరించినాడు. చూడవచ్చిన సభ సంతోషించినది.